సిబిల్ పోయిన ఇంట్లో

2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం పథకాన్ని ప్రకటించింది. 50 వేల నుంచి 4 లక్షల రూపాయల దాకా స్వయం ఉపాధి యూనిట్లు, అందులో పెద్ద వాటా సబ్సిడీ, మిగిలింది బ్యాంకు అప్పు. రాష్ట్రం మొత్తమ్మీద 16 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. కాగితాలు బ్యాంకులకు చేరే వేళకు ఒక మాట ఊరూరా పాకింది: 'సిబిల్ చూస్తున్నరట.' కిరాణా దుకాణం పెట్టుకుందామనుకున్నవాళ్లు, ఆటో కొనుక్కుందామనుకున్నవాళ్లు ఎప్పుడో తప్పిన కిస్తీలను గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. చేతిలో పని లేక బాకీ పడ్డవాళ్లకు ఆ బాకీ చూపించే పని ఇవ్వం అన్నట్టయింది. అందుకే ఆ వేసవిలో సిబిల్ మెలిక మీద అంత రగడ జరిగింది.

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో ఇప్పుడు ఈ మాట తెలియని ఇల్లు తక్కువ. 'సిబిల్ పోయింది', 'సిబిల్ ఖరాబైంది' అంటారు, మనిషికి పరువు పోయినట్టే. నిజానికి సిబిల్ ఒక కంపెనీ పేరు. 2000లో ఏర్పడింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు పంపే అప్పుల లెక్కలను పోగుచేసి 300 నుంచి 900 మధ్య ఒక అంకె వేస్తుంది. అదే పని చేసే కంపెనీలు మరో మూడున్నాయి: ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటన్నిటినీ నడిపించేది 2005లో పార్లమెంటు చేసిన చట్టం, దాని మీద రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలు. స్కోరు 750 దాటితే బ్యాంకు మేనేజరు కుర్చీ చూపిస్తాడు. 600కు దిగువన ఉంటే దరఖాస్తు చాలాచోట్ల కంప్యూటరు దగ్గరే ఆగిపోతుంది.

స్కోరు కంటే ముఖ్యమైనది దాని వెనకున్న రిపోర్టు. ప్రతి అప్పు కింద చిన్న చిన్న గళ్లుంటాయి, మూడేళ్లకు నెలకొకటి చొప్పున. కిస్తీ వేళకు కడితే ఆ గడిలో సున్నాలు. నెల ఆలస్యమైతే 30, రెండు నెలలైతే 60. చాలా అప్పుల్లో తొంభై రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీ లెక్కలోకి పోతుంది. గళ్లలో అంకెలు పెరుగుతూ పోయే ఆ వరుసను చూస్తే ఏ నెలలో ఇల్లు కుదేలైందో వేలు పెట్టి చూపించొచ్చు. సున్నా, సున్నా, సున్నా, 30, 61, 92... ఆ నాలుగో నెలలో ఏం జరిగిందో రాసే గడి మాత్రం లేదు. ఇంటాయనకు గుండెపోటు వచ్చిందా, గల్ఫ్ కంపెనీ జీతం ఆపిందా, పత్తి చేను నీట మునిగిందా, లేక ఉండి కూడా ఎగ్గొట్టాడా? రిపోర్టుకు నలుగురూ ఒకటే.

ఇది మారదనుకోవడం తప్పు. కారణం చూడటం ఈ వ్యవస్థకు చేతకానిదేమీ కాదు, ఒకసారి చేసి చూపించింది కూడా. కరోనా కాలంలో 2020 మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా కిస్తీలు వాయిదా వేసుకోవచ్చని రిజర్వు బ్యాంకు చెప్పింది. వాయిదా తీసుకున్నవాళ్ల క్రెడిట్ చరిత్రకు దానివల్ల మచ్చ రాకూడదని కూడా ఆదేశించింది. వరదలు, కరువు వచ్చి ప్రభుత్వం ప్రకటిస్తే పంట అప్పులను తిరగరాసి గడువు పొడిగించే నిబంధనలు అంతకుముందు నుంచే ఉన్నాయి. అంటే కష్టం జిల్లా అంతటికీ వస్తే లెక్కలోకి వస్తుంది. ఒక్క ఇంటికి వస్తే రాదు. క్యాన్సరుకు కలెక్టరు గెజిట్ ఇవ్వడు కదా.

ఉత్తర తెలంగాణలో కష్టాలు ఒక్కో ఇంటికి విడివిడిగా వచ్చినట్టు కనిపిస్తాయి గానీ, వాటి వేళ్లు చాలావరకు ఒక్కచోటే ఉంటాయి. ముందుగా రుణమాఫీ సంగతి. 2018 డిసెంబరు 11 నాటికి ఉన్న లక్ష లోపు పంట అప్పులు మాఫీ అవుతాయని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. 25 వేల లోపు వాటికి 2020లో, 50 వేల లోపు వాటిలో కొన్నిటికి 2021లో డబ్బు విడుదలైంది. మిగతావాటిలో ఎక్కువ భాగానికి 2023 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. ఈ ఐదేళ్లూ రైతు ఏం చేయాలి? కడితే మాఫీ పోతుందేమోనని భయం. కట్టకపోతే మిత్తి పెరుగుతుంది. మిత్తి కట్టి రెన్యువల్ చేసుకున్నవాళ్ల ఖాతా నిలబడింది. మాట నమ్మి ఊరుకున్నవాళ్ల ఖాతా ఓవర్‌డ్యూలోకి పోయింది. రైతుబంధు పైసలు పడితే బ్యాంకువాళ్లు వాటినే పాత బాకీ కింద పట్టుకున్నారన్న ఫిర్యాదులు ప్రతి సీజనులోనూ వచ్చాయి. 2024లో కొత్త ప్రభుత్వం 2 లక్షల దాకా మాఫీ చేసింది. జులై 18న మొదలుపెట్టి విడతలవారీగా 20 వేల కోట్ల రూపాయలకు పైగా ఇచ్చింది. పెద్ద సాయమే, కాదనలేం. కానీ మాఫీ అసలును, మిత్తినే తుడుస్తుంది. ఆ నడుమ ఆలస్యమైన నెలల గళ్లు రిపోర్టులో అలాగే ఉంటాయి. ఎన్నికల వేళ మాటిచ్చిన ఏ పార్టీ కూడా రైతుకు ఈ సంగతి చెప్పలేదు.

ఆదిలాబాద్ నల్లరేగడి పత్తికి దిగుబడి ఉన్న ఏడు ధర ఉండదు, ధర ఉన్న ఏడు వాన నిలవదు. బ్యాంకు రెన్యువల్ ఆగితే మండల కేంద్రంలో ఎరువుల దుకాణం దగ్గర ఉద్దెర పెట్టాలి, పంట ఆ దుకాణదారుకే కొలవాలి. ధర అతను చెప్పిందే. 2025 జనవరిలో ఆదిలాబాద్ పట్టణంలోని ఒక ప్రైవేటు బ్యాంకు శాఖలోనే, కిస్తీలు కట్టలేకపోయిన రైతు ఒకరు ప్రాణం తీసుకున్నారు. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో అదే ఏడాది ముఖ్యమంత్రి ఫడ్నవీస్, పంట అప్పులకు సిబిల్ అడిగే బ్యాంకుల మీద కేసులు పెడతామని బ్యాంకర్ల సమావేశంలోనే హెచ్చరించారు. నదికి ఇవతల అంత గట్టిగా మాట్లాడాల్సిన అవసరం తక్కువేం లేదు.

సిరిసిల్ల కథ వేరు. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో మరమగ్గాలకు ఏడాదిలో కొన్ని నెలలు ఖాయంగా పని ఉండేది. ఆ పనిని చూసుకునే ఇళ్లలో టీవీలు, బండ్లు, పిల్లల ఫీజులు, గ్రూపు లోన్లు అన్నీ కిస్తీల మీద నడిచాయి. 2024లో ఆర్డరు ఆగింది. సాంచాలు ఆగితే కూలీ ఆగుతుంది. కిస్తీ మాత్రం తేదీ తప్పదు.

మహిళల అప్పుల సంగతి ఇంకా పాతది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల వేధింపులను ఆపడానికి ఆర్డినెన్సు తెచ్చింది, మరుసటి ఏడాది అది చట్టమైంది. వారం వారం ఇంటి ముందు కూర్చునే వసూళ్లు ఆగాయి. ఆ ఆర్డినెన్సు రాకపోతే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో. అయితే కట్టొద్దని ఊళ్లో నాయకులు చెబితే మానేసిన లక్షల మంది ఆడవాళ్లు బాకీదార్లుగానే లెక్కల్లో మిగిలారు. సరిగ్గా అప్పుడే, 2011 ప్రాంతంలో, గ్రూపు అప్పులను కూడా పేరుపేరునా నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలు మొదలయ్యాయి. 2016లో రిజర్వు బ్యాంకు స్వయం సహాయక సంఘాల సభ్యుల వివరాలనూ విడివిడిగా పంపాలని బ్యాంకులకు చెప్పింది. అంతకుముందు సంఘం పేరు మీదే ఉండే లెక్క ఇప్పుడు సభ్యురాలి ఆధార్‌కు, పాన్‌కు అతుక్కుంది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన మైక్రోఫైనాన్స్ కంపెనీలకు ఆ పాత రాష్ట్ర చట్టం వర్తించదని తేల్చింది. కంపెనీలు మళ్లీ ఊళ్లలోకి వచ్చాయి, ఈసారి చేతిలో ట్యాబ్‌తో. ఇంటి గడప మీదే స్కోరు చూస్తున్నాయి.

గల్ఫ్ దారి పట్టిన ఇళ్లకు ఇంకో చిక్కు ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లడానికి ఏజెంటుకు కట్టే డబ్బు ఎక్కువగా నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చిందే. బంగారం కుదువపెట్టి, ట్రాక్టరు లోను నడుమలో వదిలి వెళ్లినవాళ్లూ ఉన్నారు. కంపెనీ మూతపడి, వీసా గడువు దాటి, 2024 చివరలో యూఏఈ ఇచ్చిన క్షమాభిక్షలో ఉత్త చేతులతో దిగినవాళ్లకు ఇక్కడ ఓవర్‌డ్యూ నోటీసులు ఎదురొచ్చాయి. అక్కడి బ్యాంకులో పర్సనల్ లోనో క్రెడిట్ కార్డో వాడి వచ్చేస్తే అది సిబిల్‌లో కనబడదు, నిజమే. కానీ 2020 జనవరి నుంచి యూఏఈ సివిల్ కోర్టుల డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకునే వీలు కేంద్రం కల్పించింది. సముద్రం దాటితే బాకీ తీరిపోయినట్టే అన్న ధీమా ఇప్పుడు పనికిరాదు.

ఇక ఏ అప్పూ వాడుకోకుండా సిబిల్ పోగొట్టుకున్నవాళ్లు జమానతు పెట్టినవాళ్లు. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్ లాంటి సింగరేణి ఊళ్లలో జీతమున్న మనిషి సంతకానికి గిరాకీ ఎక్కువ. తోటి కార్మికుడో, బావమరిదో అడిగితే మొహమాటానికి పెట్టేస్తారు. అవతలివాడు కట్టకపోతే ఆ బాకీ జమానతుదారు రిపోర్టులోకీ వస్తుంది. సొంత బిడ్డ చదువుకు అప్పు అడగబోయినప్పుడే అది బయటపడుతుంది. సంతకం పెట్టమని అడిగినవాడికి 'కాదు' అనడం మన ఊళ్లలో కష్టం. కానీ పెట్టాక కనీసం ఏడాదికోసారి ఆ ఖాతా ఎలా నడుస్తోందో కనుక్కోవడం తప్పు కాదు.

భర్త పోయిన ఇంట్లో భయం ఇంకోలా ఉంటుంది. వసూలుకు వచ్చినవాళ్లు 'ఇక నీ సిబిల్ పోతుంది' అని భార్యను బెదిరించడం సాధారణమైంది. క్రెడిట్ రికార్డు మనిషిది, ఇంటిది కాదు. ఆమె ఆ అప్పులో భాగస్వామిగానో జమానతుగానో సంతకం పెట్టి ఉండకపోతే అతని బాకీ ఆమె రిపోర్టులోకి రాదు. ఆస్తి సంక్రమిస్తే దాని విలువ మేరకే వారసులు బాధ్యులు. గ్రూపు లోన్లకు, ఇంటి అప్పులకు చాలావాటికి జీవిత బీమా ముడిపెట్టే ఇస్తారు. ప్రీమియం అప్పులోంచే కోసుకుంటారు. బాకీ కట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: బీమా ఉందా, క్లెయిము పెట్టారా?

దారి మూసుకుపోయినవాళ్లు ఎక్కడికి పోతారో ఈ జిల్లాలకు బాగా తెలుసు. పట్టణాల్లో గిరిగిరి ఫైనాన్సు, రోజు వసూళ్లు, ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి జేబులో. 2015లో కరీంనగర్‌లో ఒక పోలీసు ఏఎస్సై మీదే అక్రమ వడ్డీ వ్యాపారం కేసు నడిచి రాష్ట్రమంతా మారుమోగింది. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాక పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్న ఆదేశం కూడా ఆ ఏడాదిదే.

అప్పు తీర్చే ప్రయత్నంలోనే మళ్లీ దెబ్బ తినడం అన్నిటికంటే బాధాకరం. బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, లక్షా ఇరవై వేల బాకీకి డెబ్బై వేలు కడితే చాలంటారు. లోక్ అదాలత్‌కు పిలుస్తారు, రాజీ కాగితం మీద సంతకాలు అవుతాయి. ఇంటికొచ్చి హమ్మయ్య అనుకుంటారు. రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టి మూసిన ఖాతాకు 'క్లోజ్డ్' అని ఉంటుంది. తర్వాత అప్పు ఇచ్చేవాడి కంటికి ఈ రెండింటికీ చాలా తేడా. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యవసాయేతర అప్పుల్లో రాజీపడ్డవాళ్లకు అదే బ్యాంకు కనీసం పన్నెండు నెలలు కొత్త అప్పు ఇవ్వకూడదు. బ్యాంకు 'రైటాఫ్' చేసిందని సంబరపడ్డా అంతే. అది బ్యాంకు పుస్తకాల సర్దుబాటు, బాకీ బతికే ఉంటుంది. వేరే గతిలేక రాజీపడటంలో తప్పులేదు. కానీ కాగితం మీద సంతకం పెట్టేముందు బ్యూరోకు ఏమని పంపుతారో అడగాలి. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు తగ్గించిన మొత్తం కూడా కట్టి ఖాతాను 'క్లోజ్డ్' చేయమని కోరొచ్చు. నో డ్యూ సర్టిఫికెట్ లేకుండా మాత్రం బ్యాంకు మెట్లు దిగొద్దు.

ఈ గళ్ల దెబ్బ అప్పుతో ఆగడం లేదు, ఉద్యోగాల దాకా వచ్చింది. స్టేట్ బ్యాంకు అధికారి పోస్టుకు ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ చరిత్ర బాగాలేదని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది. కరీంనగర్‌లో గదులు అద్దెకు తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు ఇది తెలుసుకోవాలి. ఫోను ఈఎంఐ తప్పినా అది లెక్కే. చదువు అప్పు విషయంలో మాత్రం కేరళ హైకోర్టు 2023లో వేరే మాట చెప్పింది. స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యార్థి దరఖాస్తును తోసిపుచ్చొద్దంది. చదువుకుంటే తీర్చగలడా అన్నదే చూడాలి తప్ప, ఇప్పటి స్కోరును కాదని దాని సారం. ఈ రెండింటిలో కేరళ తీర్పుదే మానవత్వమున్న దారి. అసలు ఎప్పుడూ అప్పు చేయనివాళ్లను, చరిత్ర లేదన్న సాకుతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లోనే ఉంది.

వేరే దేశాల్లో ఏం చేస్తున్నారు? అమెరికాలో దివాలా తీసిన మనిషి రికార్డు మీద ఆ మచ్చ పదేళ్ల వరకు ఉంటుంది, మామూలు ఎగవేతలు ఏడేళ్లు. బ్రిటన్‌లో ఆరేళ్లు. అమెరికాలోని మూడు పెద్ద బ్యూరోలు 2022, 2023లో తీర్చేసిన ఆసుపత్రి బాకీలను, 500 డాలర్ల లోపు ఆసుపత్రి బాకీలను రిపోర్టుల నుంచి తీసేశాయి. జబ్బు పడటం మనిషి నిజాయితీకి కొలత కాదని వ్యాపార సంస్థలే ఒప్పుకున్నట్టు. మన దగ్గర బ్యూరోలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని నిబంధన. 'ఐపీ పెట్టాడు' అన్న మాట వెనకున్న 1920 నాటి దివాలా చట్టమే మామూలు మనిషికి ఇప్పటికీ దిక్కు. 2016 దివాలా స్మృతిలో అతి పేద బాకీదార్ల కోసం రాసిన కొత్త ఆరంభపు అధ్యాయాన్ని ఇంకా అమల్లోకి తేనేలేదు.

అప్పు ఇవ్వడంలో మనిషిని చూసే పద్ధతి ఈ గడ్డకు కొత్త కాదు. అప్పటి కరీంనగర్ జిల్లా భీమదేవరపల్లి మండలంలో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకు, రైతుకు అప్పూ విత్తనమూ ఎరువూ ఇస్తుంది, పండినదాన్ని తానే కొంటుంది. అప్పు ఇచ్చేవాళ్లకు తీసుకునేవాడి చేను తెలుసు, ఆ ఏటి వాన తెలుసు. దేశమంతా చూసి నేర్చుకోవాలన్న పేరు దానికి ఊరికే రాలేదు. ప్రతి బ్యాంకూ ముల్కనూరు కాలేదు గానీ, బ్రాంచి మేనేజరుకు కారణం విని రాసే అధికారం, ఆ రాతకు స్కోరు పక్కన చోటు ఇవ్వొచ్చు.

అది వచ్చేదాకా ఉన్న హక్కులనైనా వాడుకోవాలి. నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇదే నియమం. సొంతంగా చూసుకుంటే స్కోరు తగ్గదు. తీర్చిన అప్పు ఇంకా బాకీగా ఉందా, పేరు కలిసిన ఇంకొకరి అప్పు మన మీద పడిందా, పెట్టని జమానతు కనిపిస్తోందా చూసి, తప్పుంటే బ్యూరోకూ బ్యాంకుకూ ఫిర్యాదు రాయాలి. ముప్పై రోజుల్లో సరిచేయకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి లెక్క పంపాలన్న నియమం వచ్చింది, కాబట్టి కట్టిన బాకీ కూడా త్వరగానే కనబడాలి. ఎంత మొత్తం అప్పునైనా సరే, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. దీన్ని అడిగేవాళ్లే లేరు.

సిబిల్ బాగుచేస్తామని గోడల మీద కాగితాలు అంటించేవాళ్ల మాట నమ్మొద్దు. నిజమైన బాకీని ఎవరూ తుడవలేరు, తప్పుడు ఎంట్రీని మార్పించడానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఒకచోట కాదంటే వెంటనే నాలుగు బ్యాంకులు తిరిగితే ఆ విచారణలన్నీ రికార్డయి స్కోరు ఇంకా పడుతుంది. పాత బాకీల్లో చిన్నవాటిని ముందు మూసి, కొద్దిపాటి బంగారు రుణమో, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డో తీసుకుని, ఏడాది ఏడాదిన్నర తేదీ తప్పకుండా కడితే గళ్లలో మళ్లీ సున్నాలు పేరుకుంటాయి. నెమ్మదైన పని, కానీ అయ్యే పని.

కలెక్టర్ల అధ్యక్షతన మూడు నెలలకోసారి జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో లక్ష్యాలు, శాతాలు చదువుతారు. సిబిల్ పేరుతో ఎన్ని దరఖాస్తులు వెనక్కి పోయాయో, ఎంతమందికి కారణం రాసిచ్చారో కూడా అక్కడ చదవాలని ఎమ్మెల్యేలు, రైతు సంఘాలు, మహిళా సమాఖ్యలు పట్టుబట్టాలి. పాఠకులు వానాకాలం పంట అప్పు రెన్యువల్‌కు వెళ్లేముందే, అంటే జూన్‌లోపే, తమ రిపోర్టు ఒకసారి తీసి చూసుకోవాలి. బ్యాంకు గానీ బ్యూరో గానీ ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సమాచారం కోసం నంబరు 14448. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.